అమ్మణ్ణీ, బాయిల్‌కి పోదాం పద: నాయనతో ఐర్లాండ్‌లో ఏడు రోజులు

మంగళవారం, డబ్లిన్

వీసా వచ్చిన రోజే మా నాయన ఫోన్‌లో చెప్పేసినాడు, "అమ్మణ్ణీ, ఆ క్లిఫ్‌లు గిఫ్‌లు చూపించకపోయినా పర్లేదు గానీ బాయిల్‌కి మాత్రం తీసుకోనిపో" అని. నేను డబ్లిన్‌కి వచ్చి మూడేళ్లవుతా ఉంది, బాయిల్ అనే ఊరు ఎక్కడుందో మ్యాప్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది. రాస్‌కామన్ కౌంటీలో చిన్న ఊరు, ఇక్కడి నుంచి రెండున్నర గంటల డ్రైవ్, టూరిస్టులు పెద్దగా పోయే ఊరేం కాదు.

మాది మదనపల్లె. మా ఊళ్లో ఎవర్నడిగినా చెప్పే మాట ఒకటుంది, 1919 ఫిబ్రవరిలో టాగూర్ బి.టి. (బెసెంట్ థియోసాఫికల్) కాలేజీలో ఉన్నప్పుడు జనగణమన పాడి వినిపించినాడు, దాన్ని ఇంగ్లీషులోకి రాసింది కూడా అక్కడే అని. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ ఆ పాటకి నొటేషన్ రాసి పెట్టింది, టాగూర్ విని సరే అన్నాడు. ఆ మార్గరెట్ పుట్టింది బాయిల్‌లో, 1878లో. మా నాయన అదే కాలేజీలో డిగ్రీ చదివి ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినాడు, చిన్నప్పుడు కొంచెం సంగీతం నేర్చుకున్నాడు, ఇప్పుడు రెండెకరాల్లో టమాటా పెడతాడు. మార్గరెట్ అంటే ఆయనకి ఊరి ఆడబిడ్డ లెక్క, "ఆయమ్మ పుట్టినిల్లు చూడాల" అంటాడు.

మొదటి రోజు దూరం ఎందుకులే అని సిటీలోనే తిరిగినాం. ఓకానెల్ స్ట్రీట్‌లో జీపీఓ, అంటే పెద్ద పోస్టాఫీసు, ముందు స్తంభాలకి బుల్లెట్ గుంతలు ఇంకా కనిపిస్తాయి, నాయన ఒక గుంతలో వేలు పెట్టి చూసినాడు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టర్ సోమవారం, ఇక్కడే పాట్రిక్ పియర్స్ నిలబడి బ్రిటిష్ పాలన మీద తిరగబడతా ఐర్లాండ్ రిపబ్లిక్ ప్రకటన చదివినాడు, దానికింద సంతకం పెట్టిన ఏడుగుర్నీ తర్వాత బ్రిటిషోళ్లు కాల్చేసినారు. ఆ ఏడుగుర్లో థామస్ మాక్‌డోనా అని ఒకాయన యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీష్ లెక్చరర్. ఆయన క్లాసులో కూర్చున్న స్టూడెంట్లలో మన వి.వి.గిరి ఒకడు! బరంపురం నుంచి లా చదవడానికి 1913లో ఓడెక్కి వచ్చిన తెలుగు పిల్లోడు, 1916లో గొడవల తర్వాత దేశం వదిలి పొమ్మన్నారు, తర్వాత మనకి రాష్ట్రపతి అయినాడు. ఇది నాకు నాయన చెప్పేదాకా తెలీదు, మూడేళ్లుగా ఆ స్తంభాల పక్కనే బస్సెక్కుతా ఉండా.

"పియర్స్ కూడా అయివారే, స్కూలు పెట్టినాడు. ఒకడు అయివారు, ఇంకోడు లెక్చరరు" అన్నాడు నాయన, టీచర్ల యూనియన్ మీటింగ్‌లో చెప్పినట్టు గర్వంగా.

వాళ్లని కాల్చేసిన కిల్‌మెయినమ్ జైలు చూద్దామనుకున్నాం గానీ టికెట్లు వారాల ముందే అయిపోతాయంట, నాకు ఆ సంగతి తెలీదు, తిట్లు తిన్నాను. బదులుగా డబ్లిన్ క్యాజిల్ చూపించినా. 1913లో మార్గరెట్ ఇక్కడ కిటికీ అద్దాలు పగలగొట్టి జైలుకి పోయింది, ఆడోళ్లకి ఓటు కావాలని. నాయన కిటికీల వైపు చూసి "ఏ కిటికీనో" అన్నాడు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

బుధవారం, ఇంకా డబ్లిన్‌లోనే

కిల్డేర్ స్ట్రీట్‌లో నేషనల్ లైబ్రరీకి పోయినాం. అక్కడ వంశవృక్షాలు వెతుక్కునేవాళ్లకి ఒక గదుంది, ఫ్రీగా సాయం చేస్తారు. లోపల చూస్తే అంతా అమెరికన్లు, ఆస్ట్రేలియన్లు, చేతిలో ఫైళ్లు, కళ్లజోళ్లు, మన తహశీల్దార్ ఆఫీసులో పట్టా కోసం కూర్చున్న జనం గుర్తొచ్చినారు, కాకపోతే ఇక్కడ ఎవరూ అరవట్లేదు.

వీళ్ల పాట్లు వింటే పాపం అనిపిస్తుంది. 1922 జూన్ 30న సివిల్ వార్ మొదలైన రోజుల్లో డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనం పక్కనున్న రికార్డ్ ఆఫీసు పేలి తగలబడిపోయింది. ఏడొందల ఏళ్ల కాగితాలు, కాలిన ముక్కలు ఊరంతా ఎగిరి హౌత్ కొండ దాకా పోయి పడినాయంట. 1821, 31, 41, 51 జనాభా లెక్కలు దాదాపు అంతా బూడిదే. 1861 నుంచి 91 దాకా ఉన్నవి మిగిలినాయేమో అనుకుంటే అవి గవర్నమెంటే అంతకుముందే చించి పారేసింది. అంటే ఆ మంటలకి ముందు నాటి వాటిలో ఒక్క 1901, 1911 లెక్కలే మొత్తంగా మిగిలినాయి, రెండూ ఆన్‌లైన్‌లో ఊరికే చూడొచ్చు. ఆ పైకి పోవాలంటే చర్చి రిజిస్టర్లు, లేదంటే గ్రిఫిత్స్ వాల్యుయేషన్ అని ఒకటుంది, 1847 నుంచి 1864 దాకా ఏ భూమి ఎవరి సాగులో ఉంది, ఎంత పన్ను కట్టాల అని ఊరూరా తిరిగి రాసిన లెక్క. నాయన రెండు నిమిషాలు చూసి "ఇది అడంగలే కదా" అన్నాడు. అంతే, అడంగలే. సర్వే నంబరుకి బదులు మ్యాప్ మీద నంబరు, పక్కన అక్షరం.

1911 ఫారం ఒకటి స్క్రీన్ మీద తెరిచి చూసినాం, ఎవరిదో తెలీని కుటుంబం. పేరు, వయసు, మతం, చదవడం రాయడం వచ్చా రాదా, ఐరిష్ భాష వచ్చా అని కాలమ్‌లు. పెళ్లయిన ఆడోళ్ల దగ్గర ఇంకో రెండు కాలమ్‌లు: మొత్తం పుట్టిన పిల్లలెంతమంది, ఇప్పుడు బతికున్నది ఎంతమంది. నాయన అక్కడే ఆగిపోయినాడు. మా అవ్వకి తొమ్మిదిమంది పుడితే ఐదుగురు మిగిలినారు, ఆ నలుగురి పేర్లు ఎవరూ ఎక్కడా రాయలేదు, కనీసం లెక్క కూడా రాయలేదు. కాసేపు ఏం మాట్లాడలేదు ఆయన, నేనూ కదిలించలేదు.

రాత్రి స్మిత్‌ఫీల్డ్‌లో కాబుల్‌స్టోన్ పబ్. నాయన పబ్ అనగానే మొహం అదోలా పెట్టినాడు, జీవితంలో బ్రాందీ షాపు వైపు చూడని మనిషి. లోపలికి పోయినాక చూస్తే మూల టేబుల్ చుట్టూ ఆరేడు మంది, మైకు లేదు, స్టేజీ లేదు, వాయించేవాళ్లు జనం వైపు కాదు ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూర్చుంటారు, అంటే కచేరీ మనకోసం కాదు వాళ్లకోసం, మనం పక్కనుండి వింటే వింటాం లేకపోతే లేదు. దీన్నే సెషన్ అంటారు. ఫిడేళ్లు రెండు, చెక్క ఫ్లూటు, చేతుల్లో పట్టుకునే చిన్న హార్మోనియంలాంటి కాన్సర్టీనా, ఒకాయన చేతిలో ఇలిన్ పైప్స్. ఆ పైప్స్ నోటితో ఊదరు, మోచేతి కింద కొలిమి తిత్తిలాంటిది నొక్కుతా గాలి కొడతారు. మధ్యలో బోరాన్, మేక తోలు బిగించిన డప్పు, చిన్న కర్రతో వాయిస్తారు. నాయనకి దానిమీదే కన్ను. మన డప్పుని మంటకి కాచి బిగిస్తారు కదా, వీళ్లు తోలు మరీ బిగుసుకుంటే నీళ్లు తడుపుతారు. ఇక్కడి తేమకి, అక్కడి ఎండకి ఎవరి తంటాలు వాళ్లవి. సెషన్‌లో బోరాన్ వాయించేవాళ్ల మీద మిగతా వాళ్లకి ఎప్పుడూ జోకులే, దాన్ని వాయించడానికి మంచి సాధనం చాకు అంటారు.

ఒక ట్యూన్ మూడుసార్లు వాయించి ఆపకుండా ఇంకో దాంట్లోకి దూకుతారు, అట్లా రెండు మూడు కలిస్తే ఒక సెట్. దూకే ముందు ఎవరో ఒకరు "హప్!" అని అరుస్తారు. ట్యూన్లలో రీల్, జిగ్ అని రకాలున్నాయి, నాయన తొడ మీద తాళం వేస్తా మొదలుపెట్టినాడు: "రీల్ చతురశ్రం, నాలుగు. జిగ్ తిశ్రం, మూడు. ఇదిగో ఇదేందబ్బా... తొమ్మిదొస్తా ఉందే." అది స్లిప్ జిగ్. నేను తెలివిగా సంకీర్ణమా నాయనా అన్నాను, "సంకీర్ణం నాలుగూ ఐదూ గదా, ఇది మూడు మూళ్లు, వేరే నడక" అని కొట్టిపారేసినాడు. ఇంకో ట్యూన్‌కి కళ్లు మూసుకుని "ఇది ఖరహరప్రియ" అన్నాడు. పక్కనున్న కుర్రోడు ఏమంటున్నాడని అడిగితే నేను డోరియన్ అని, అదే స్వరాల వరసకి వాళ్ల పేరు, చెప్పినా, వాడు నాయన వైపు తిరిగి గ్లాసు పైకెత్తినాడు, మా నాయన మంచినీళ్ల గ్లాసు ఎత్తినాడు.

గురువారం, స్ట్రోక్స్‌టౌన్

పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరినాం. ఎం4 మీద ఎక్కినాక వాన, అది కూడా సరిగ్గా పడదు, గాల్లో తేలుతా ఉంటుంది, వైపర్లు వేస్తే కీచుమంటాయి ఆపేస్తే కనపడదు. ఇక్కడివాళ్లు దీన్ని సాఫ్ట్ డే అంటారు. నాయనకి ఆ మాట నచ్చింది, వారమంతా వాడినాడు.

బాయిల్ పోయే దారిలోనే స్ట్రోక్స్‌టౌన్ పార్క్, జమీందారు బంగళా, పక్కనే నేషనల్ ఫామిన్ మ్యూజియం. ఎస్టేట్‌ని 1979లో అక్కడి గ్యారేజీ ఓనర్ ఒకాయన కొన్నాడు, లోపల పాత కాగితాలు తిరగేస్తే కరువునాటి రైతుల అర్జీలు బయటపడినాయి, అట్లా 1994లో మ్యూజియం వచ్చింది. డబ్లిన్‌లో కాలిపోయిన కాగితాల కథ విన్న మరుసటి రోజే ఇక్కడ చెత్తలో పోకుండా బతికిన కాగితాలు చూసినాం.

బంగళా వంటిల్లు చూడాలి. ఎత్తుగా ఉంటుంది, పైన చుట్టూ చెక్క నడవ. దొరసాని కిందికి దిగకుండా ఆ నడవ మీద నిలబడి వారానికి సరిపడా మెనూ చీటీ కిందికి పడేసేదంట, వంటమనిషి ఏరుకునేది. నాయన పైకీ కిందికీ చూసి "రెడ్డోరి ఇళ్లలో కూడా ఇంత లేదు" అన్నాడు. నాకైతే మ్యూజియంలో అన్నిటికంటే ఆ నడవే ఎక్కువ మాట్లాడింది.

ఇక కరువు. 1845లో బంగాళాదుంపకి తెగులొచ్చింది, తర్వాత ఏడాది పంట మొత్తం పోయింది, 1852 దాకా సాగింది. సుమారు పది లక్షల మంది చచ్చిపోయినారు, ఇంకో పది లక్షలకి పైగా దేశం వదిలి పోయినారు. 1841లో ద్వీపమంతా కలిపి 82 లక్షల జనం, ఇప్పటికీ ఆ సంఖ్యకి తిరిగి రాలేదు. పేదోళ్లు తినేది ఒక్క దుంపే, అందులోనూ లంపర్ అని ఒకటే రకం. దేశంలో గింజలు లేక కాదు, అవి ఓడలెక్కి ఇంగ్లాండ్ పోతానే ఉన్నాయి.

తెగులు బొమ్మలున్న బోర్డు దగ్గర నాయన వంగి ఆకుల మీద మచ్చలు చూసినాడు. "అమ్మణ్ణీ, ఇది మన లేట్ బ్లైటే కదా." అవును, అదే శిలీంధ్రంలాంటి క్రిమి, ఫైటాఫ్తోరా ఇన్ఫెస్టాన్స్, దుంపకీ టమాటాకీ రెండింటికీ వస్తుంది. మబ్బు పట్టి నాలుగు రోజులు చలీ తేమా ఉంటే చాలు. నాయన అక్కడున్న గైడుకి చెప్పడం మొదలుపెట్టినాడు, నేను తర్జుమా చేస్తా పోయినా: సాయంత్రం చూస్తే ఆకు అంచున ఉడికినట్టు నల్ల మచ్చ, పొద్దునకి కాండానికి పాకుద్ది, మూడో రోజుకి తోటంతా కాల్చినట్టు, ఆ కంపు దూరం నుంచే తెలుస్తుంది. గైడు ఆశ్చర్యపోయింది, ఆ కంపు గురించి ఆనాటి జనం కూడా చెప్పుకున్నారంట, రాత్రికి రాత్రి పొలాల నుంచి కుళ్లు వాసన వచ్చిందని. మందు కొడితే మాకు సగం పంటన్నా దక్కుద్ది అన్నాడు నాయన. వాళ్లకి మందు లేదు, తెగులేందో కూడా తెలీదు.

ఈ ఎస్టేట్ దొర డెనిస్ మాహన్ 1847లో 1,490 మంది రైతుల్ని, పిల్లాజెల్లాతో, టికెట్ డబ్బులిచ్చి కెనడా పంపించేసినాడు. భూమి మీద ఉంచి తిండి పెట్టడం కంటే ఓడెక్కించడమే చవక. వాళ్లు ఇక్కడి నుంచి డబ్లిన్‌కి కాలవ గట్టెంబడి 165 కిలోమీటర్లు నడిచినారు, అక్కడి నుంచి లివర్‌పూల్, అక్కడి నుంచి క్యూబెక్. చాలామంది ఒడ్డు చేరకముందే పోయినారు. అదే ఏడాది నవంబర్‌లో మాహన్‌ని ఎవరో కాల్చి చంపేసినారు. ఇప్పుడు ఆ దారిని నడక బాటగా చేసి అక్కడక్కడా చిన్న కంచు చెప్పుల జతలు పెట్టినారు, ఒక గుడిసె కప్పులో దొరికిన ఆనాటి పసిపిల్లల చెప్పుల అచ్చులు. అరచేతిలో పట్టేంత ఉన్నాయి.

బయట బెంచీ మీద పులిహోర తింటా నాయన చెప్పిన సంగతి: కరువు సాయం పెత్తనమంతా లండన్ ట్రెజరీలో ట్రెవీలియన్ అనే ఆఫీసర్ చేతిలో ఉండేది కదా, ఆయనే తర్వాత 1859లో మద్రాస్ గవర్నర్‌గా వచ్చినాడు. అంటే అప్పట్లో మన రాయలసీమకి కూడా ఆయనే దొర. ఇంకో పదిహేడేళ్లకి, 1876లో మనకి ధాత కరువు. మనిషికి రోజుకి ఒక పౌండు గింజలు, ఒక అణా చాలు అని కూలి తగ్గించిన రిచర్డ్ టెంపుల్ వేరే ఆయన, పద్ధతి మాత్రం పాతదే, బజారులో వేలు పెట్టకూడదు, ఊరికే పెడితే జనం సోమరులైపోతారు. "మా అబ్బ వాళ్ల నాయన చెప్పేవాడంట, కానుగాకు, కలబంద గడ్డలు తిన్నారని" అన్నాడు. ఇక్కడివాళ్లు నెటిల్ అనే, మన దురదగొండిలాంటి ఆకు, సముద్రపు నాచు తిన్నారు.

చీకటి పడేసరికి బాయిల్ చేరినాం. బి అండ్ బి, అంటే ఇంట్లోనే గదిచ్చి టిఫిను పెట్టే చోటు, అక్కడి ఆవిడ సోడా బ్రెడ్ పెట్టింది, నాయన చెనక్కాయల పొడి డబ్బా తీసినాడు. బ్రెడ్డు మీద వెన్న, దానిమీద పొడి. ఆవిడ కూడా రుచి చూసి నీళ్లు తాగింది.

శుక్రవారం, బాయిల్

ఊరు చిన్నదే. నది, దానిమీద రాతి వంతెన, పన్నెండో శతాబ్దంలో సన్యాసులు కట్టడం మొదలుపెట్టిన ఆబీ అనే మఠం, ఇప్పుడు కప్పు లేదు, స్తంభాల మీద కాకులు. నాయన వీధులన్నీ నెమ్మదిగా తిరిగినాడు, ఒక్కో పాత ఇంటి ముందు ఆగి. ఆయమ్మ ఇల్లు ఇదే అని చూపించడానికి నా దగ్గర ఏం లేదు. పోనీలే, ఈ వంతెన మీద నడిచుంటుంది కదా అన్నాడు, వంతెన మీద కాసేపు నిలబడినాం. ఆమె ఇక్కడి నుంచి డబ్లిన్ పోయి మ్యూజిక్ చదివింది, ఓటు కోసం జైలుకి పోయింది, 1915లో ఇండియా వచ్చింది, 1927లో ఆలిండియా విమెన్స్ కాన్ఫరెన్స్ పెట్టడంలో ముందుంది, 1932లో బ్రిటిషోళ్లు మళ్లీ జైల్లో పెట్టినారు, ఈసారి మన కోసం. 1954లో మద్రాసులో పోయింది. జేమ్స్ రెండేళ్ల తర్వాత మదనపల్లెలోనే.

కింగ్ హౌస్‌కి పోయినాం, 1730 ప్రాంతంలో కట్టిన దొరల ఇల్లు, తర్వాత బ్రిటిష్ సైన్యంలోని కానాట్ రేంజర్స్ అనే ఐరిష్ పటాలానికి బ్యారక్ అయింది. ఈ పటాలం కథ మన స్కూలు పుస్తకాల్లో ఎందుకు లేదో నాకర్థం కాదు. 1920 జూన్‌లో జలంధర్‌లో ఉన్న ఈ ఐరిష్ సిపాయిలు, ఇంటి దగ్గర మా ఊళ్లని బ్రిటిష్ బలగాలు తగలబెడతా ఉంటే ఇక్కడ మేం మీకోసం తుపాకీ పట్టం అని ఆయుధాలు కింద పెట్టేసినారు. ఆ తిరుగుబాటు సోలన్‌కి కూడా పాకింది. జేమ్స్ డేలీ అనే కుర్రోడిని నవంబర్ 2న డగ్‌షాయ్ జైల్లో కాల్చేసినారు. యాభై ఏళ్ల తర్వాత, 1970లో, అస్థికలు ఇంటికొచ్చినాయి. ఆ తిరుగుబాటుకి ముందు ఏడాదే జలియన్‌వాలా బాగ్, అదే పంజాబ్. డేలీ ఫోటో ముందు నాయన చేతులు కట్టుకుని నిలబడినాడు.

మధ్యాహ్నం మా బి అండ్ బిలోనే దిగిన చికాగో పెద్దాయన వాళ్ల ముత్తాత పొలం వెతుక్కుంటా పోతా, కారులో చోటుంది రమ్మన్నాడు. దగ్గర పాత మ్యాప్, గ్రిఫిత్ లెక్క ప్రింటవుట్. ఇక్కడ టౌన్‌ల్యాండ్ అని ఉంటుంది, మన రెవెన్యూ గ్రామంకన్నా చిన్నది, దేశం మొత్తం మీద అరవై వేలకి పైనే ఉన్నాయి, ఆ పేరు తెలిస్తేనే ఇల్లు దొరికేది, కౌంటీ పేరొక్కటే తెలిసి వచ్చినవాళ్లు ఉత్త చేతుల్తో పోతారు. ఈయనకి పేరు తెలుసు. కానీ మ్యాప్‌లో ఇల్లున్న చోట చూస్తే ఆవులు, గడ్డి. పెద్దాయన మొహం వాడిపోయింది.

నాయన మాత్రం ఊరుకోలేదు, గట్టు దాటి పొలంలోకి దిగి తిరిగి తిరిగి ఒక మూల ఆగినాడు. అక్కడ మాత్రం ఆ నెటిల్ దురద మొక్కలు గుబురుగా, నడుమెత్తు. "మనుషులు, గొడ్లు ఉన్నచోటే ఇట్లాంటిది బలంగా లేస్తాది. మన దగ్గర పాడుబడిన పాలెంలో జిల్లేడు, ఉమ్మెత్త లేచినట్టు" అన్నాడు. కర్రతో పక్కకి తోస్తే కింద రాళ్లు, రెండు వరసలు, మూలమట్టంగా. గోడ పునాది. చికాగో ఆయన ఆ రాళ్ల మీద కూర్చున్నాడు. చేతులకి దద్దుర్లొచ్చినా పట్టించుకోలేదు. వెనక్కొచ్చేటప్పుడు ఆయన నాయన్ని అడిగినాడు, మీకు ఎన్ని తరాలు తెలుసు అని. తద్దినానికి మూడు తరాలు చెప్తాం, నాయన, తాత, ముత్తాత, ఆపైన పేర్లు లేవు, అన్నాడు నాయన. ఆయనకి ఐదు తెలుసంట. నాయన కొంచెం డల్లయినాడు.

రాత్రి ఊళ్లో పబ్‌లో సెషన్. ఇక్కడ డబ్లిన్‌లా గుంపు లేదు, ఫిడేలు వాయించే ముసలాయన, ఆయన మనవరాలు కాన్సర్టీనా, ఇంకో ఇద్దరు. ఒక గంట తర్వాత వాయిద్యాలన్నీ ఆపేసినారు, మూలనున్న ఒక పెద్దావిడ ఏ తోడూ లేకుండా ఐరిష్‌లో పాడింది. దీన్ని షాన్ నోస్ అంటారు, పాత పద్ధతి అని. పబ్ మొత్తం నిశ్శబ్దం, గ్లాసు కదిపిన చప్పుడు లేదు. పక్కనున్నాయన ఆవిడ చెయ్యి పట్టుకుని పాటకి తగ్గట్టు నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతా ఉన్నాడు. గమకాలు వింటే నాకే ఒళ్లు జలదరించింది, నాయన సంగతి చెప్పేదేముంది.

పాడినవాళ్లకి తర్వాత ఎవరు పాడాలో పిలిచే హక్కుంటుంది. ఆవిడ నేరుగా నాయన వైపు చూపించింది! నేను వద్దులే అని సైగ చేసేలోపే ఆయన గొంతు సవరించుకున్నాడు. త్యాగరాజ కీర్తన ఎత్తుకుంటాడేమో, ఇక్కడ ఎవరికి అర్థమవుద్ది అని భయపడినా, కానీ మనిషి తెలివైనోడు, "శక్తి సహిత గణపతిం" ఎత్తుకున్నాడు. దీక్షితార్ నొట్టుస్వరం, మద్రాసులో ఇంగ్లీషోళ్ల బ్యాండు వాయించే బాణీలు విని వాటికి సంస్కృతం సాహిత్యం కట్టినాడు కదా దీక్షితార్, అందులోది, శంకరాభరణం, తిశ్రం. మొదటిసారి అందరూ మర్యాదగా విన్నారు. రెండోసారి మొదటి లైనుకి ఆ పిల్ల కాన్సర్టీనా సన్నగా పట్టుకుంది. మూడోసారికి ముసలాయన ఫిడేలు, ఆపైన అందరూ, వాళ్ల నడకలోకి కొంచెం లాగేసినారు, నాయన కూడా తగ్గలేదు, తొడ మీద తాళం టేబుల్ మీదకొచ్చింది. ఎవరో "హప్!" అన్నారు. దాంతో వాళ్లు ఏదో జిగ్‌లోకి దూకేసినారు, నాయన పాడడం ఆపి నోరు తెరుచుకుని చూస్తా ఉండిపోయినాడు. నేను ఫోన్‌లో రికార్డ్ చేసినా, చెయ్యి వణికింది, వీడియోలో సగం సీలింగే.

శనివారం, గర్టీన్, కీడ్యూ, వెస్ట్‌పోర్ట్

ఎక్కువ డ్రైవింగే ఈ రోజు. గర్టీన్‌లో మైకేల్ కోల్‌మన్ అనే ఫిడేలు విద్వాంసుడి పేరుతో మ్యూజిక్ సెంటర్ ఉంది. ఈ పక్క పల్లెలోనే పుట్టి 1914లో అమెరికా పోయినాడు, న్యూయార్క్‌లో ఇచ్చిన గ్రామఫోన్ రికార్డులు ఓడల్లో ఇక్కడికి తిరిగొచ్చి, ఇక్కడి పిల్లలు సొంతూరి ఫిడేలు పద్ధతి రికార్డుల్లో విని నేర్చుకున్నారు. ఊరి మనిషి ఊరికి దూరమై ఊరికే పాఠం చెప్పినాడు.

కీడ్యూ దగ్గర కిల్‌రోనన్ శ్మశానంలో ఓకారొలన్ సమాధి. 1670లో పుట్టినాడు, మశూచితో చూపు పోయింది, వీణలాంటి హార్ప్ నేర్చుకుని, గుర్రమెక్కి, దారి చూపే మనిషిని వెంటేసుకుని జమీందార్ల ఇళ్లు తిరిగినాడు, ఎవరింట్లో భోజనం చేస్తే వాళ్ల పేరు మీద ట్యూన్. మన గద్వాల, వనపర్తి సంస్థానాలకి ఏటా వార్షికాల కోసం పోయే పండితుల్లాగే. ఆశుకవి అన్నమాట అన్నాడు నాయన.

ఆదివారం, క్రో పాట్రిక్

జులై ఆఖరి ఆదివారాన్ని రీక్ సండే అంటారు. వెస్ట్‌పోర్ట్ పక్కన 764 మీటర్ల కొండ, సెయింట్ పాట్రిక్ పైన 40 రోజులు ఉపవాసం చేసినాడని నమ్మకం, వేలమంది ఎక్కుతారు, కొంతమంది ఒట్టి కాళ్లతో. నాయన అలిపిరి మెట్లు ఎన్నిసార్లు ఎక్కినాడో లెక్కే లేదు, "ఇదేముందిలే" అన్నాడు. ఇక్కడ మెట్లు లేవు, జారే రాళ్లు, అదీ తడిసినవి. కింద కర్రలు అమ్ముతా ఉంటే తలా ఒకటి కొన్నాం.

నడిచేవాళ్లలో ఒకాయన బొటనవేలు చిట్లి రక్తం కారుతా ఉంది, రాయి మీద కాలు ఆనించి తుడుచుకుని మళ్లీ నడిచినాడు. దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి "ఇంకెంతో లేదు" అని చెప్తా ఉంటారు. అబద్ధం. మన కొండ మీద కూడా ఇదే అబద్ధం.

రెండు గంటలకి భుజం మీదికి చేరినాం. అక్కడ లాఖ్త్ బెన్నాన్ అని రాళ్ల కుప్ప, మొదటి స్టేషన్, అంటే ఆగి ప్రార్థన చేసే చోటు. దాని చుట్టూ ఏడుసార్లు, ప్రార్థనలు చదువుతా, కుడిచేతి వైపుగా. ప్రదక్షిణే. పైనున్న శిఖరం నిట్టనిలువు కంకర, జనం చీమల బారులా, కింద నుంచే రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తా ఉంది. నాయన మోకాలు పట్టుకున్నాడు. నేనేం అనలేదు. "ఇక్కడికి చాలులే అమ్మణ్ణీ" అని ఆయనే అన్నాడు. చెప్పులు విప్పి, రాళ్ల మీద తడబడతా, ఆ కుప్ప చుట్టూ ఏడు తిరిగినాడు, గోవిందా అన్నాడో ఏమన్నాడో వినిపించలేదు, పెదాలు మాత్రం కదిలినాయి. వెనక జపమాల పట్టుకున్న ముసలావిడ ఆయన నెమ్మదికి విసుక్కోకుండా తన నడక తగ్గించుకుంది.

దిగినాక రోడ్డవతల మరిస్క్‌లో 1997లో పెట్టిన కరువు స్మారకం, కంచు ఓడ. తెరచాప తాళ్లనుకుని దగ్గరికి పోతే అవి అస్థిపంజరాలు, ఒకదాన్నొకటి పట్టుకుని ఎగురుతా ఉన్నాయి. వెనక కొండ, ముందు సముద్రం. గురువారం చూసిన చిన్న చెప్పులు నాకు గుర్తొచ్చినాయి. నాయన "కారులోకి పోదాం పద, చలి" అన్నాడు.

సోమవారం, వెనక్కి

ఎన్5 మీద లాంగ్‌ఫోర్డ్ దాకా మళ్లీ సాఫ్ట్ డే. నాయన స్కూలు నోట్‌బుక్ లాంటిది ఒళ్లో పెట్టుకుని శుక్రవారం నాటి వీడియో వినిపించుకుంటా ఆ జిగ్‌ని స్వరాల్లో రాస్తా ఉన్నాడు, స రి గ మ, కింద గీతలు, మూడేసి అక్షరాలకి ఒక అడ్డగీత. నేను పేరు కనుక్కోలేదు ఆ ట్యూన్‌కి, పైన "బాయిల్, శుక్రవారం" అని రాసుకున్నాడు. మొదటి సగం పట్టేసినాడు. రెండో సగంలో ఒకచోట ఎవరో గ్లాసు టేబుల్ మీద పెట్టిన చప్పుడు, దానికింద ఒక స్వరం పోయింది.

"నిషాదమా ధైవతమా? ఇంకోసారి పెట్టు అమ్మణ్ణీ."

టోల్ దగ్గర క్యూలో కార్డు వెతుక్కుంటా ఉండా, ఒక్క నిమిషం నాయనా అన్నాను. ఆగలేదు, తనే ఫోన్ తీసుకుని వెనక్కి జరిపినాడు.